ఆసరా పింఛన్ మీద 50,000 లోన్ అంటూ ఫోన్లు: ఇది నిజమేనా? పింఛన్ ఉన్నవాళ్లకు అసలు అప్పు ఎక్కడ దొరుకుతుంది?

డిండి_వాగు

మాది దేవరకొండ దగ్గర పల్లె. నాన్న పోయాక అమ్మకు మన తెలంగాణ సర్కారు ఇచ్చే ఆసరా కింద వితంతు పింఛన్ వస్తోంది, నెలకు 2,016. నేను పని మీద ఎల్బీనగర్‌లో ఉంటాను. కొద్దిరోజులుగా అమ్మకు ఒకటే ఫోన్లు. మన తెలుగులోనే, చాలా మర్యాదగా మాట్లాడుతున్నారు. "అమ్మా, ఆసరా ఉన్నవాళ్లకు ప్రభుత్వం 50,000 లోన్ ఇస్తోంది. నెలనెలా పింఛన్‌లోంచే కట్ అవుతుంది, మీరు చేతి నుంచి రూపాయి కట్టే పని లేదు" అంటున్నారు. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ ఫొటోలు వాట్సాప్‌లో పెట్టమన్నారు. ఫైల్ ఛార్జీ 1,850 ముందుగా ఫోన్‌పే చేయాలట. అమ్మకు ఫోన్‌పే లేదు. పక్కింటి పిల్లాడిని కొట్టమని అడిగితే వాడు అనుమానపడి నాకు ఫోన్ చేశాడు.

ఆమె ఆశపడటానికి కారణం ఉంది. ఇంటి రేకులు తుప్పు పట్టి వానాకాలం మంచం మీదే కారుతోంది. మార్పించుకోవాలని ఎప్పటి నుంచో అంటోంది. ఊళ్లో ఒక షావుకారు పింఛన్ చూసి అప్పు ఇస్తాడు గానీ, తీరేదాకా ఆధార్ కార్డు తన దగ్గరే పెట్టుకుంటాడు. పింఛన్ ఇచ్చే రోజు పోస్టాఫీసు దగ్గరికి తనే వచ్చి నిలబడతాడు. అది నాకు ఇష్టం లేదు.

ఈ ఫోన్లు మోసమేనా? సరైన దారిలో పింఛన్ మీద అప్పు ఇచ్చేవాళ్లు ఎవరైనా ఉన్నారా? తెలిసినవాళ్లు చెప్పండి.

జడ్చర్ల_జంక్షన్

నూటికి నూరు పాళ్లు మోసం. అప్పు ఇచ్చేవాడు ముందు మన దగ్గర ఎందుకు తీసుకుంటాడు? ఆ నంబర్ బ్లాక్ చేయించండి ముందు.

కోస్గి_లెక్కలు

మా మేనత్తకూ ఇదే ఫోన్. ఆమెతో "పింఛన్ 4,000 అయింది, పెరిగిన దాని మీద అడ్వాన్స్ ఇస్తున్నాం" అన్నారు. 4,000 చేస్తామన్న హామీ 2023 ఎన్నికల్లో ఇంటింటికీ తెలిసిందే కదా, దాన్నే వాడుకుంటున్నారు. ముసలివాళ్లకు అది నిజమనిపిస్తుంది.

పోస్టు_డబ్బా

పల్లె పోస్టాఫీసుల్లో చాలా ఏళ్లు పనిచేసి రిటైర్ అయ్యాను, కాబట్టి ఈ డబ్బు ఎలా వస్తుందో చెబుతాను. ఊళ్లలో ఆసరా పింఛన్ పోస్టాఫీసు ద్వారా వేలిముద్ర పెట్టించుకుని చేతికి ఇస్తారు. పట్టణాల్లో బ్యాంకు ఖాతాలో పడుతుంది. కైకిలి చేసి వేళ్లు అరిగిపోయి ముద్ర పడనివాళ్లకు పంచాయతీ కార్యదర్శి ధ్రువీకరించి ఇప్పించే పద్ధతి ఉంది. ఈమధ్య ముఖం చూసి గుర్తించే పద్ధతి కూడా తెచ్చారు.

ఈ దారిలో ఎక్కడా, ఎవడో ఇచ్చిన లోన్‌కు కిస్తు కోసి మిగతాది ఇచ్చే ఏర్పాటు లేదు. "పింఛన్‌లోంచే కట్ అవుతుంది" అన్న ఒక్క మాట చాలు, అవతలివాడు దొంగ అని తేల్చుకోవడానికి.

సిండికేట్_సెంటర్

పోస్టు_డబ్బా గారి మాటకు కొంచెం కలుపుతాను. జనం ఎక్కడ పొరపడుతున్నారంటే, బ్యాంకుల్లో "పెన్షన్ లోన్" అని నిజంగానే ఉంది. కానీ అది ఉద్యోగం చేసి రిటైరై, అదే బ్యాంకు ద్వారా పెన్షన్ తీసుకునేవాళ్లకు. టీచర్లు, మిలిటరీవాళ్లు, రైల్వేవాళ్లు, వాళ్ల ఫ్యామిలీ పెన్షనర్లకు. ఆసరాకు దానితో సంబంధం లేదు. ఆసరా సర్కారు ఇచ్చే సాయం, దాన్ని తాకట్టుగా చూపి బ్యాంకులో అప్పు అడగలేం. మోసగాళ్లు గూగుల్‌లో ఆ పెన్షన్ లోన్ పేజీ చూపించి "ఇదిగో చూడండి" అంటారు. పేజీ నిజమైనదే, మన పింఛన్‌కు వర్తించేది మాత్రం కాదు.

నేను బ్యాంకు తరఫున ఊళ్లలో ఖాతాల పని చేస్తాను. ఈ ప్రశ్న నాకు నెలలో చాలాసార్లు వస్తుంది.

మునుగోడు_మాస్టారు

2014 నవంబరులో ఈ ఆసరా పింఛన్ కొత్తూరులో మొదలైనప్పుడు 1,000 ఇచ్చేవారు. అంతకుముందు 200 ఉండేది. 2019లో 2,016 అయింది. దివ్యాంగులకు 3,016 చేసి, 2023లో 4,016కు పెంచారు. ఈ లెక్కలు ఎందుకంటే, పింఛన్ పెరిగిన కొద్దీ దాని మీద కన్నేసేవాళ్లూ పెరిగారు. 200 ఉన్నప్పుడు ఏ షావుకారూ పోస్టాఫీసు అరుగు మీద కూర్చోలేదు.

మా మండలంలో, పక్కన మర్రిగూడ వైపు, ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుము వంగిపోయినవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లకు వైకల్యం ఉందని ఇచ్చే సదరం సర్టిఫికెట్ ఇప్పిస్తాం, దివ్యాంగ పింఛన్ చేయిస్తాం అని డబ్బులు లాగే బ్రోకర్లను చూశాను. ఆ డబ్బుకు అప్పు ఇచ్చేది వాడి దోస్తే. పింఛన్ రాకముందే దాని మీద అప్పు పుడుతుంది. ఇది ఫోన్ మోసం కంటే పాతది, ఎవరూ మాట్లాడనిది.

నల్లమల_గాలి

అందరూ షావుకారును తిడుతున్నారు గానీ ఒక మాట. మాది అమ్రాబాద్ వైపు. మా బాపుకు రాత్రిపూట గుండెలో నొప్పి వస్తే అచ్చంపేట తీసుకుపోవడానికి బండి కిరాయి ఇచ్చింది షావుకారే. ఆధార్ అడగలేదు, ఫారం నింపమనలేదు. బ్యాంకు తలుపు పొద్దున పదికి గానీ తెరవదు. ఆపదలో ఇచ్చేవాడిని దొంగ అనడం నాకు నచ్చదు.

సంఘం_అక్క

నల్లమల తమ్మీ, ఆపదలో ఇచ్చిన చెయ్యిని ఎవరూ కాదనడం లేదు. కానీ మిత్తి లెక్క కూడా చూడు. మా దగ్గర పింఛన్ చూసి ఇచ్చే అప్పు నూటికి ఐదు రూపాయల మిత్తి. 10,000 తీసుకుంటే నెలకు 500. మా ఊరి ముసలామె ఒకరు 2,016 చేతికి రాగానే 500 అక్కడే ఇచ్చి, మిగతాది మందులకూ బియ్యానికీ పెట్టుకుంటుంది. అసలు కట్టే పైసలు ఎప్పుడూ మిగలవు. ఏడాదికి 6,000 మిత్తి కట్టింది, అసలు 10,000 అలాగే ఉంది.

అదే 10,000ను నెలకు 1,000 చొప్పున అసలు తీరుస్తూ మిత్తి కడితే పది నెలల్లో తేలిపోతుంది. ఐదు రూపాయల మిత్తి అయితే మొత్తం మిత్తి 2,750. మా మహిళా సంఘంలో పొదుపు డబ్బు నుంచి రూపాయి మిత్తికి ఇస్తాం, అప్పుడు 550. మధ్యలో ఉన్న 2,200 ఒక ముసలమ్మ నెల పింఛన్ కంటే ఎక్కువ. ఎవరి ఇంట్లో ఉండాలి ఆ డబ్బు?

నల్లమల_గాలి

లెక్క ఒప్పుకుంటాను అక్కా. కానీ రాత్రి రెండింటికి సంఘం తీర్మానం రాయదు కదా.

సంఘం_అక్క

రాయదు. అందుకే ఆ రాత్రికి షావుకారు దగ్గర తీసుకో. నెల తిరిగేలోపు సంఘంలో లోన్ పెట్టి ఆ అప్పు తీర్చెయ్. మా సంఘంలో అలా చేసినవాళ్లు ఉన్నారు. ఐదు రూపాయల మిత్తిని ఏళ్ల తరబడి మోయొద్దనే నా మాట.

జడ్చర్ల_జంక్షన్

గుండెనొప్పి విషయం వచ్చింది కాబట్టి, బండి కిరాయికి అప్పు చేయకండి, 108కు కొట్టండి. రేషన్ కార్డు ఉంటే ఆరోగ్యశ్రీ ఉంది, 2023 డిసెంబరు నుంచి ఏడాదికి 10 లక్షల వరకు. మన వైపు సగం అప్పులు ఆస్పత్రివే. ముందు ఆస్పత్రిలో ఆరోగ్యశ్రీ కౌంటర్ దగ్గర అడగండి, అప్పు సంగతి తర్వాత.

డిండి_వాగు

అందరికీ థ్యాంక్స్. ఇందాక వాళ్లు మళ్లీ చేశారట, ఒక "మంజూరు పత్రం" వాట్సాప్‌లో పంపారు. పిల్లాడు నాకు ఫార్వర్డ్ చేశాడు. మూడు సింహాల గుర్తు, రిజర్వు బ్యాంకు ముద్ర, పక్కనే ఒక ఫైనాన్స్ కంపెనీ ముద్ర, అన్నీ ఒకే కాగితం మీద. కింద నీలం ఇంకుతో గుండ్రటి స్టాంపు. తేదీ చూస్తే మొన్న ఆదివారం. అమ్మ పేరు రాసి, ఇంటిపేరు పక్కవాళ్లది పెట్టారు. ఈ పేరు, నంబర్ వాళ్లకు ఎలా దొరికాయో అర్థం కావడం లేదు.

సిండికేట్_సెంటర్

రిజర్వు బ్యాంకు ఎవరికీ లోన్ ఇవ్వదు, మామూలు మనుషులకు ఖాతాలు కూడా తెరవదు. ఆ ముద్ర కనిపిస్తే ఇక చదవక్కర్లేదు.

నిజమైన లోన్ ఎలా ఉంటుందో చెబుతాను, పక్కన పెట్టి పోల్చుకోండి. 2024 అక్టోబరు 1 నుంచి బ్యాంకైనా ఫైనాన్స్ కంపెనీ అయినా ఇలాంటి లోన్ ఇచ్చే ముందు "కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్" అనే కాగితం ఇచ్చి తీరాలి. మనకు అర్థమయ్యే భాషలో ఉండాలి. ఎంత ఇస్తున్నారు, ఏ ఛార్జీలు పట్టుకుంటున్నారు, అన్నీ కలిపి ఏడాదికి వడ్డీ ఎంత పడుతుంది, కిస్తు ఎంత, ఎన్ని కిస్తులు, ఫిర్యాదు ఎవరికి చేయాలి అని ఆ ఒక్క కాగితంలో ఉంటుంది. ప్రాసెసింగ్ ఛార్జీ నిజంగానే ఉండొచ్చు, కానీ అది ఆ కాగితంలో రాసి ఉంటుంది. ఎవడిదో సొంత ఫోన్‌పే నంబర్‌కు కొట్టమని ఏ బ్యాంకూ అడగదు.

హాలియా_కాల్వ

మా చిన్నమ్మ విషయం చెబుతాను, అందరూ ఇళ్లలో చెప్పండి దయచేసి. మొదట ఫైల్ ఛార్జీ అన్నారు, 1,850 కొట్టించింది. రెండో రోజు "లోన్‌కు ఇన్సూరెన్స్ తప్పనిసరి" అని 4,200. తర్వాత "డబ్బు రిలీజ్ అయింది గానీ జీఎస్టీ దగ్గర ఆగింది" అని 6,500. ప్రతిసారీ ఇది కట్టకపోతే ముందు కట్టింది పోతుందని భయపెట్టారు. ఆ భయంతోనే కట్టింది, ఆశతో కాదు. మూడోసారి డబ్బుకు చెవి కమ్మలు కుదువ పెట్టింది. అప్పుడు గానీ ఇంట్లో తెలియలేదు.

తెలిసిన గంటలోపే సైబర్ మోసాల ఫిర్యాదు నంబర్ 1930కి ఫోన్ చేశాం. లావాదేవీ నంబర్, ఎంత, ఎన్ని గంటలకు, ఏ నంబర్‌కు అని అడిగారు. చివరిసారి పోయిన 6,500 ఆ ఖాతాలోనే ఆగిపోయింది, దాని కోసం తిరుగుతున్నాం. మొదటి రెండూ అప్పటికే ఎక్కడికో మారిపోయాయి.

జడ్చర్ల_జంక్షన్

1930 నంబర్ ఇంట్లో క్యాలెండర్ మీద రాసి పెట్టండి. ఆలస్యమైన కొద్దీ డబ్బు ఖాతాల మీద ఖాతాలు దాటిపోతుంది. "రేపు కొడుకు వచ్చాక చూద్దాం" అనుకోవద్దు. డబ్బు పోకపోయినా, ఇలాంటి ఫోన్ వస్తే కేంద్ర టెలికాం శాఖ వాళ్ల సంచార్ సాథీలో "చక్షు" అని ఉంటుంది, అందులో ఆ నంబర్ మీద ఫిర్యాదు పెట్టొచ్చు. డిండి_వాగు గారూ, మీరు అది ఇవాళే చేయండి.

గట్టుప్పల్_మగ్గం

మా నాయనమ్మకు చేనేత పింఛన్ వస్తుంది. ఆమెకూ ఫోన్ వచ్చింది. "మీది ఏ ఊరు నాయనా? ఎవరి కొడుకువి? మీ ఇంటోళ్లు ఏం పని చేస్తరు?" అని మొదలుపెట్టింది. పెళ్లి సంబంధం మాట్లాడినట్టు అరగంట అడిగితే వాడే పెట్టేశాడు.

కోస్గి_లెక్కలు

మీ నాయనమ్మను సైబర్ క్రైమ్ స్టేషన్‌లో కూర్చోబెట్టాలి అన్నా. జిల్లాకు ఒకరు చాలు.

పాలమూరు_వలస

మాది మక్తల్ వైపు. మేం పూణేలో మేస్త్రీ పనికి ఉంటాం. ఊళ్లో అమ్మానాన్నల దగ్గర మా పిల్లలు. అమ్మకు ఒక్కదానికే పింఛన్, దానితోనే పిల్లల ఫీజు కాకుండా మిగతా ఇల్లు గడుస్తుంది. వలస పోయినవాళ్ల ఊళ్లలో ముసలోళ్ల పింఛన్ అంటే ఏమిటో టౌన్‌లో ఉన్నవాళ్లకు తెలియదు.

మా ఊళ్లో జరిగింది చెబుతాను. ఒకడు వచ్చి "మీ ఖాతాలో లోన్ వేయాలంటే కొత్త సిమ్, ఏటీఎం కార్డు మాకు ఇవ్వాలి, రెండు రోజుల్లో తిరిగి ఇస్తాం, ఖాతాకు 2,000 కూడా ఇస్తాం" అన్నాడు. కొందరు ఇచ్చారు. తర్వాత ఎక్కడివో లక్షల రూపాయలు ఆ ఖాతాల్లో పడి పోయాయి. చివరికి పోలీసులు వచ్చింది ఆ ముసలివాళ్ల ఇళ్లకే. వాళ్లకు ఏం జరిగిందో కూడా తెలియదు. ఖాతాలు ఫ్రీజ్ అయ్యాయి, ఉపాధి హామీ కూలీ కూడా అందులోనే ఇరుక్కుంది.

కృష్ణా_తీరం

ఇది చాలా ముఖ్యమైన సంగతి అన్నా. డబ్బు పోగొట్టుకున్నవాడు బాధితుడు, ఖాతా ఇచ్చినవాడు కేసులో నిందితుడు. ఏటీఎం కార్డు, పిన్, సిమ్ ఎవరికీ ఇవ్వకూడదు, షావుకారుకైనా సరే. పట్టణాల్లో పింఛన్ పడే ఖాతా ఏటీఎం కార్డులు కట్టలుగా రబ్బరు బ్యాండు వేసి పెట్టుకున్న వడ్డీ వ్యాపారిని నా కళ్లతో చూశాను. ఒక్కో కార్డు వెనక పిన్ పెన్నుతో రాసి అంటించి ఉంది. అది ఎవరిదో ముసలమ్మ బతుకు, ఆయన గల్లాపెట్టెలో.

నేను నల్గొండ కోర్టులో జూనియర్ వకీలుగా పనిచేస్తాను. వడ్డీ వ్యాపారం చేసేవాడికి లైసెన్సు ఉండాలి. ఖాళీ నోటు మీద వేలిముద్ర వేయొద్దు. ఎంత తీసుకున్నారు, ఎంత మిత్తి అని అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాశాకే వేయండి. కట్టిన ప్రతిసారీ నోటు వెనక చెల్లు రాయించి ఫొటో తీసుకోండి. తీరాక నోటు వెనక్కి తీసుకోండి. "చింపేశానులే" అంటే నమ్మొద్దు, మూడేళ్లలోపు దాని మీద కోర్టుకు రావొచ్చు. అలా వచ్చినవాళ్లను చూశాను.

ఆధార్ కార్డు షావుకారు దగ్గర ఇరుక్కుపోతే బతిమాలాల్సిన పని లేదు. మీసేవలోనో ఆధార్ సెంటర్‌లోనో మళ్లీ తీసుకోవచ్చు. నంబర్ మనదే, కార్డు కాగితం మాత్రమే.

డిండి_వాగు

ఆధార్ మాట చాలా పనికొచ్చింది. ఊళ్లో ఇద్దరు ముగ్గురి కార్డులు ఆయన దగ్గరే ఉన్నాయి, వాళ్లకు కూడా చెబుతాను.

మిర్యాలగూడ_మిల్లు

గిరిగిరి ఫైనాన్స్ గురించి ఎవరూ చెప్పలేదు. మా దగ్గర మిల్లుల్లో హమాలీలు, కూరగాయల బండ్లవాళ్లు అందరూ దాని మీదే. 10,000 అని చెప్పి 8,500 చేతిలో పెడతారు, రోజుకు 100 చొప్పున వంద రోజులు కట్టాలి. చూడటానికి 1,500 మాత్రమే కదా అనిపిస్తుంది. మా అమ్మ పింఛన్ కూడా అందులోకే పోయేది.

కోస్గి_లెక్కలు

అన్నా, అది నూటికి దాదాపు పది రూపాయల మిత్తి. ఎందుకంటే 8,500 మీ దగ్గర వంద రోజులు ఉండదు, మొదటి రోజు నుంచే తిరిగి ఇచ్చేస్తున్నారు. సగటున చూస్తే మీ చేతిలో ఉన్నది నాలుగు వేల చిల్లర. దాని మీద మూడు నెలల పది రోజులకు 1,500. సంఘం_అక్క చెప్పిన ఐదు రూపాయల షావుకారు కంటే రెట్టింపు.

నకిరేకల్_నిమ్మ

ఫోన్‌లో యాప్ లోన్లు కూడా ఇదే దారి. మా తమ్ముడి దోస్తు 5,000 లోన్ పెడితే 3,200 పడ్డాయి, వారంలో 5,000 కట్టమన్నారు. ఒక్క రోజు లేటైతే ఫోన్‌లో ఉన్న నంబర్లన్నింటికీ బూతు మెసేజ్‌లు. వాళ్ల అక్క ఫొటో మార్ఫింగ్ చేసి పంపారు. 2020 డిసెంబరులో హైదరాబాద్‌లో ఈ యాప్‌ల వేధింపులకు మనుషులు చనిపోయి, పోలీసులు కాల్‌సెంటర్ల మీద దాడి చేసింది గుర్తుందా? పేర్లు మార్చుకుని ఇంకా వస్తున్నాయి.

సిండికేట్_సెంటర్

రిజర్వు బ్యాంకు 2022లో రూలు పెట్టింది. లోన్ యాప్ మన కాంటాక్టులు, కాల్ లాగ్, ఫొటోలు ముట్టుకోకూడదు. లోన్ డబ్బు నేరుగా మన ఖాతాలోకి రావాలి, మధ్యలో ఇంకొకడి ఖాతా నుంచి కాదు. కట్టేది కూడా నేరుగా అప్పిచ్చిన సంస్థకే. 2025లో ఆ రూల్స్ అన్నీ కలిపి కొత్తగా ఇచ్చారు, నమోదైన యాప్‌ల జాబితా కూడా రిజర్వు బ్యాంకు సైట్‌లో పెట్టారు. "కాంటాక్ట్స్ అనుమతించాలా" అని అడిగిన మరుక్షణం ఆ యాప్ తీసేయండి.

వేధిస్తుంటే భయపడి ఇంకో యాప్‌లో తీసుకుని కట్టొద్దు. స్క్రీన్‌షాట్లు దాచి 1930కో దగ్గరి స్టేషన్‌కో వెళ్లండి.

మునుగోడు_మాస్టారు

నకిరేకల్ తమ్ముడు చెప్పిన దానికి ఒక్క మాట. ఆ పిల్లవాడు, వాళ్ల అక్క ఇప్పుడు ఎలా ఉన్నారు? ఇలాంటప్పుడు ఇంట్లో తిట్టకుండా పక్కన కూర్చోవాలి. డబ్బు కంటే పరువు పోయిందన్న బాధే మనుషులను మింగేస్తుంది.

నకిరేకల్_నిమ్మ

బాగానే ఉన్నారు మాస్టారూ. అక్కే వాడిని వెంటబెట్టుకుని స్టేషన్‌కు వెళ్లింది. ధైర్యం ఆమెదే.

సంఘం_అక్క

డిండి తమ్మీ, రేకుల సంగతికి వస్తాను. అమ్మ ఏదైనా మహిళా సంఘంలో ఉందా? ఉంటే ఊళ్లో సంఘాల లెక్కలు చూసే వీవోఏను అడగమను. సంఘం పొదుపులోంచి, సంఘానికి బ్యాంకు ఇచ్చే లింకేజీ లోన్ నుంచి, సంఘాలకు అప్పిచ్చే స్త్రీనిధి నుంచి, మూడు దారులున్నాయి. కిస్తులు తప్పకుండా కడితే మిత్తి సర్కారు తిరిగి ఇచ్చే పద్ధతి ఉంది, ఆ డబ్బు ఆలస్యంగా వస్తుంది గానీ వస్తుంది. అమ్మ సంఘంలో లేకపోతే, ఇంట్లో కోడలు ఉందా, ఆమె సంఘంలో ఉందా? ఆమె పేరు మీద పెట్టొచ్చు. కట్టే పైసలు నువ్వే నెలనెలా వేస్తే అమ్మ పింఛన్ ముట్టుకోనక్కర్లేదు.

కొంచెం బంగారం ఉంటే బ్యాంకులోనో సొసైటీలోనో పెట్టుకోండి. నూటికి నెలకు రూపాయి లోపే పడుతుంది మామూలుగా. రసీదులో తూకం, క్యారెట్ సరిగ్గా రాశారో లేదో చూసుకో.

జడ్చర్ల_జంక్షన్

రేకులకు అప్పెందుకు, సర్కారు ఇచ్చే ఇందిరమ్మ ఇల్లుకు దరఖాస్తు పెట్టండి. జాగా ఉంటే 5 లక్షలు.

నల్లమల_గాలి

జాబితాలో పేరు వచ్చేదాకా వాన ఆగుతుందా అన్నా? దరఖాస్తు పెట్టాలి, రేకులూ వేయాలి. రెండూ.

పాలమూరు_వలస

గ్రూపు లోన్ల గురించి ఎవరైనా చెప్పండి. మా ఊళ్లో ఫైనాన్స్ కంపెనీవాళ్లు పదిమంది ఆడవాళ్లను కూర్చోబెట్టి ఇస్తున్నారు. వారం వారం కట్టాలి. ఒకరు కట్టకపోతే మిగతావాళ్లు కట్టాలట. అమ్మ పింఛన్ రోజునే వచ్చి కూర్చుంటున్నారు.

కృష్ణా_తీరం

రిజర్వు బ్యాంకు దగ్గర రిజిస్టరైన కంపెనీ అయితే దానికి రూల్స్ ఉన్నాయి. ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉన్న ఇంటికి తాకట్టు లేకుండా ఇచ్చే లోన్‌లో, ఇంటి అప్పుల కిస్తులన్నీ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. 2022 నుంచి ఉంది ఇది. వసూలుకు పొద్దున 9 కంటే ముందు, సాయంత్రం 6 తర్వాత రాకూడదు. బెదిరించడం, బంధువులకు ఫోన్లు చేయడం కుదరదు. ముందే తీర్చేస్తే జరిమానా వేయకూడదు.

2010లో ఈ గ్రూపు లోన్ల వల్లే మన ఊళ్లలో ఎంత గొడవ అయిందో పెద్దవాళ్లకు గుర్తుంటుంది. ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సే తేవాల్సి వచ్చింది. అమ్మ దగ్గర లోన్ కార్డు ఉంటుంది, దాని మీద కంపెనీ పేరు, ఫిర్యాదు నంబర్ ఉంటాయి. ముందు అక్కడ రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నెల రోజుల్లో జవాబు రాకపోతే ఫిర్యాదులు విని తేల్చే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు, 14448కి ఫోన్ చేస్తే ఎలా చేయాలో చెబుతారు.

హాలియా_కాల్వ

వేలిముద్ర గురించి కూడా చెప్పండి. "కేవైసీ" అని ఇంటికి వచ్చి వేలు పెట్టించుకుంటే ఆధార్ మీద డబ్బు తీసేస్తారట కదా. లాక్ చేయొచ్చని విన్నాను.

సిండికేట్_సెంటర్

చేయొచ్చు. ఆధార్ యాప్‌లో లేదా సైట్‌లో బయోమెట్రిక్ లాక్ ఉంది, ఫోన్ నంబర్ ఆధార్‌తో లింక్ అయి ఉండాలి. తెలియకపోతే ఆధార్ హెల్ప్‌లైన్ 1947కి చేయండి.

పోస్టు_డబ్బా

జాగ్రత్త, లాక్ చేసి మర్చిపోతే పింఛన్ రోజు ఆధార్ మీద వేలిముద్ర సరిచూసే చోట పని చేయదు. పొద్దున్నుంచి లైన్‌లో నిలబడ్డ ముసలావిడను "మీ వేలు పడటం లేదు" అని పంపేస్తారు. ఇంట్లో చూసే మనిషి ఉంటేనే లాక్ పెట్టండి, ముందు రోజు తెరవండి. ఎవరూ లేనివాళ్లకు ఒకటే చెప్పండి: ఇంటికి వచ్చినవాడి మెషీన్ మీద వేలు పెట్టొద్దు. డబ్బు తీసుకున్నాక స్లిప్పు అడగండి, అంకె చదివించుకోండి.

2,016లో 16 రూపాయలు చిల్లర లేదని ఆపేసినా అడగండి. మీ డబ్బు అది.

గట్టుప్పల్_మగ్గం

ఒక సందేహం. మా ఊళ్లో ఒకావిడ పేరు మీద ఆమెకు తెలియకుండా లోన్ ఉందని ఎవరో నోటీసు తెచ్చారు. నిజమో అబద్ధమో ఎలా తెలుసుకోవాలి?

సిండికేట్_సెంటర్

మన అప్పుల లెక్కలు దాచే సిబిల్ లాంటి ప్రతి క్రెడిట్ బ్యూరో ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. వాళ్ల అసలు సైట్‌లోనే తీసుకోండి, డబ్బు అడిగే యాప్‌లలో వద్దు. ఆవిడ పేరు మీద ఎవరు, ఎప్పుడు, ఎంత ఇచ్చారో అందులో ఉంటుంది. తనది కాని లోన్ కనిపిస్తే అక్కడే అభ్యంతరం పెట్టొచ్చు, ఆ కంపెనీకీ రాయాలి, పోలీసు ఫిర్యాదు కూడా ఇవ్వాలి. నోటీసు తెచ్చినవాడికి అప్పటిదాకా రూపాయి ఇవ్వొద్దు, ఎక్కడా సంతకం పెట్టొద్దు.

కృష్ణా_తీరం

వకీలు ఖర్చుకు భయపడొద్దని ఆవిడకు చెప్పండి. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది, 15100కి ఫోన్ చేయొచ్చు. సోమవారం కలెక్టరేట్‌లో జనం అర్జీలు తీసుకునే ప్రజావాణి ఉంటుంది, అక్కడ కూడా దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి. గట్టుప్పల్ నుంచి వచ్చేటట్టయితే ఆ నోటీసు, ఆధార్ జిరాక్స్ తెమ్మనండి. నేను కోర్టు దగ్గరే ఉంటాను, దరఖాస్తు రాసిపెడతాను.

గట్టుప్పల్_మగ్గం

వచ్చే సోమవారం నేనే తీసుకొస్తాను అన్నా. పొద్దున ఫస్ట్ బస్సుకే బయల్దేరుతాం.